ఇంటి అమానతుకు కొత్త సందూకు

మన పెద్దల ఇళ్లలో ఒక ఇనుప సందూకు ఉండేది. తెలంగాణ పల్లెల్లో దానినే సందుగ అంటారు. నికాహ్‌నామా, పొలం దస్తావేజులు, ఎవరికి ఎంత బాకీ ఉన్నదో రాసుకున్న కాగితాలు, హజ్‌కు వెళ్లివచ్చిన నాటి పాస్‌పోర్టు, గల్ఫ్ నుండి వచ్చిన ఉత్తరాలు అన్నీ అందులోనే ఉండేవి. తాళంచెవి దాదీమా కొంగుముడిలో ఉండేది. ఏ కాగితం ఏ మడతలో ఉన్నదో ఆమెకు కంఠతా తెలుసు.

నేడు ఆ సందూకులోని సామగ్రిలో అధికభాగం సెల్‌ఫోనుల్లోకి వెళ్లిపోయింది. ఆధార్ కార్డు ఫోటో ఒకరి ఫోనులో, ఇంటి రిజిస్ట్రేషన్ పత్రం నకలు మరొకరి వాట్సాప్‌లో, అక్క నికాహ్ వీడియో పాత ల్యాప్‌టాప్‌లో ఉంటాయి. మరణించిన అబ్బాజాన్ ఖుర్ఆన్ పారాయణం చేస్తుండగా ఎవరో రికార్డు చేసిన పది నిమిషాల ఆడియో ఎవరి వద్ద ఉన్నదో ఎవరికీ తెలియదు. ఫోను నీళ్లలో పడినా, దొంగల పాలైనా, మెమరీ నిండిందని పిల్లవాడు నాలుగు ఫోల్డర్లు తుడిచివేసినా ఆ పది నిమిషాలు తిరిగి రావు.

దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయతు అల్ బఖరా సూరాలోని 282వది. అది అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసిపెట్టుకోవడం గురించి, సాక్షులను నిలుపుకోవడం గురించి అవతరించిన ఆయతు. అన్నిసా సూరా 58వ ఆయతు అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని ఆదేశిస్తున్నది. వసీయతు చేయవలసినది ఏదైనా ఉన్న ముస్లిం దానిని రాసి దగ్గర ఉంచుకోకుండా రెండు రాత్రులు గడపరాదన్న భావం గల హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. రాయమని ఇంతగా చెప్పిన ధర్మాన్ని అనుసరించే మనం రాసినదానిని భద్రపరచే విషయంలో ఎందుకింత అశ్రద్ధగా ఉంటున్నాము?

ఫోటోలు తీయడం, దాచుకోవడం విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదాలున్న సంగతి పాఠకులకు తెలిసినదే. ఆ చర్చలోకి మేము ఇక్కడ వెళ్లడం లేదు. ఫోటోలను పూర్తిగా పక్కన పెట్టినా పత్రాలు, పద్దులు, పెద్దల కంఠస్వరాలు మిగులుతాయి. వాటికైనా ఒక చోటు కావాలి కదా. ఆ చోటును ఇంటిలోనే, మన చేతులతోనే ఎలా కట్టుకోవచ్చునో ఈ వ్యాసంలో వివరించదలచాము.

అద్దె కొట్టు, సొంత గది

ఇంటర్నెట్‌లో దాచుకునే సదుపాయం, అనగా క్లౌడ్, చెడ్డదని మేము అనబోము. ఫోను పోయిన రోజున అది అక్కరకు వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అయితే అది అద్దె కొట్టు వంటిది. గూగుల్ ఫోటోస్‌లో పరిమితి లేకుండా ఉచితంగా దాచుకునే వీలు 2021 జూన్ 1తో ముగిసింది. ఆ తరువాత చేర్చిన ఫోటోలన్నీ మెయిల్‌తో కలిపి 15 గిగాబైట్ల ఉచిత కోటాలోనే లెక్కకు వస్తున్నాయి. అది నిండాక నెలనెలా చెల్లించాలి. చెల్లింపు ఆగితే కొత్తవి చేరవు.

డబ్బు కంటే పెద్ద విషయం మరొకటి ఉన్నది. మన ఇళ్లలో స్త్రీలు పరదా పాటిస్తారు. వీధిలో పరాయివాడి చూపు పడకూడదని జాగ్రత్తపడే కుటుంబమే, ఇంటి లోపల తల మీద దుపట్టా లేకుండా తీసుకున్న ఫోటోలను ఏ దేశంలో ఉన్నదో తెలియని యంత్రానికి అప్పగిస్తున్నది. ఒక పాస్‌వర్డ్ బయటపడితే చాలు, ఆ పరదా తొలగినట్లే. ఈ మాట భయపెట్టడానికి అనడం లేదు. ఇంటిలోని స్త్రీలను ఒకసారి అడిగి చూడండి. చాలామంది తమ ఫోటోలు ఇంటిలోనే ఉండాలని కోరుకుంటారు. వారు కోరినట్లు చేయడం ఇప్పుడు సాధ్యమే.

ఇంటి నిల్వ సర్వర్ అంటే వింత యంత్రమేమీ కాదు. పెద్ద హార్డ్ డిస్క్‌లు గల చిన్న కంప్యూటర్‌ను ఇంటి రూటర్‌కు తీగతో కలిపి ఎల్లప్పుడూ నడుస్తూ ఉండేలా ఉంచుతాము. దానికి తెర గానీ, కీబోర్డు గానీ అక్కరలేదు. ఇంటిలోని ఫోనులు, ల్యాప్‌టాప్‌లు వైఫై ద్వారా దానిలో దాచుకుంటాయి, దానినుండి తీసుకుంటాయి. ఆంగ్లంలో దీనిని క్లుప్తంగా నాస్ అంటారు. రెండు డిస్క్‌లు పట్టే సిద్ధమైన పెట్టెలు బజారులో దొరుకుతాయి. కంప్యూటర్ పని తెలిసినవారు ఎవరూ ఇంట్లో లేకపోతే వాటిని కొనుక్కోవడమే మేలు. ఇంటర్‌లోనో, డిగ్రీలోనో కంప్యూటర్ చదువుతున్న బిడ్డ ఉన్నట్లయితే మాత్రం అటక మీద దుమ్ము పట్టిన పాత డెస్క్‌టాప్‌తోనే ఈ పని జరుగుతుంది. పైగా ఆ బిడ్డకు ఏ కోచింగ్‌లోనూ దొరకని చదువు దొరుకుతుంది.

పెట్టె కట్టడం

పది సంవత్సరాల నాటి డెస్క్‌టాప్ అయినా సరిపోతుంది. 4 జీబీ మెమరీ ఉంటే ఫైళ్లు దాచడానికి చాలు. ఫోటోలను వెతికిపెట్టే ప్రోగ్రాం కూడా నడపదలిస్తే 8 జీబీ ఉండాలి. నడిపే సాఫ్ట్‌వేర్ కోసం ఒక చిన్న ఎస్ఎస్‌డీ వేరుగా పెట్టుకోవాలి. దాచే సరుకు కోసం రెండు పెద్ద హార్డ్ డిస్క్‌లు కావాలి. ఎంత పెద్దవి? ఫోనులో తీసిన ఒక ఫోటో సుమారు 4 మెగాబైట్లు అనుకుంటే ఒక టెరాబైట్‌లో రెండున్నర లక్షల ఫోటోలు పడతాయి. చోటును తినేది వీడియో. నిమిషానికి సుమారు 100 మెగాబైట్ల చొప్పున మూడు గంటల వలీమా వీడియో 18 గిగాబైట్లవుతుంది. ఒక సామాన్య కుటుంబానికి 4 టెరాబైట్ల డిస్క్‌లు చాలాకాలం సరిపోతాయి.

డిస్క్ కొనేటప్పుడు ఒక మాట తప్పక అడగాలి: అది సీఎంఆరా, ఎస్ఎంఆరా అని. ఎస్ఎంఆర్ డిస్క్‌లో సమాచారపు గీతలను పెంకుటింటి పైకప్పు మీద పెంకుల వలె ఒకదాని అంచు మీద మరొకటి వచ్చేలా పరుస్తారు. తక్కువ స్థలంలో ఎక్కువ పడుతుంది గాని, మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని పక్కవన్నీ లేపవలసి వస్తుంది. పాడైన డిస్క్ స్థానంలో కొత్తది పెట్టి సమాచారమంతా తిరిగి నింపేటప్పుడు ఇవి బాగా నెమ్మదిస్తాయి. సర్వర్‌కు సీఎంఆర్ రకమే తగినది. వాడిన డిస్క్‌ను చవకగా కొనదలచినవారు ముందుగా దాని స్మార్ట్ నివేదికను చూడాలి. ఎన్ని గంటలు నడిచిందో, ఎన్ని భాగాలు చెడి పక్కకు పెట్టబడ్డాయో అందులో ఉంటుంది. రెండవ అంకె సున్నా కాకపోతే ఆ డిస్క్‌ను అక్కడే వదిలివేయండి.

సాఫ్ట్‌వేర్ విషయంలో ఎంపికలు చాలా ఉన్నాయి. ట్రూనాస్ అనేది శక్తిమంతమైనది. 2005లో ఫ్రీనాస్ పేరుతో మొదలై ఈ స్థాయికి చేరింది. అయితే దానికి కనీసం 8 జీబీ మెమరీ కావాలి. పాత యంత్రానికి ఓపెన్‌మీడియావాల్ట్ అనుకూలమని మా అభిప్రాయం. అది డెబియన్ లినక్స్ పునాదిపై నిర్మించినది, పూర్తిగా ఉచితం. దానిని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, పెన్‌డ్రైవ్ నుండి ఎస్ఎస్‌డీ మీద స్థాపించాలి. ఆ తరువాత తెర తీసివేసి, మరో కంప్యూటర్ బ్రౌజర్‌లో సర్వర్ చిరునామా కొట్టితే దాని పాలనా పుట తెరుచుకుంటుంది. మొదటి ప్రవేశానికి అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటారు. లోపలికి వెళ్లగానే దానిని మార్చివేయాలి. రూటర్‌లో ఈ సర్వర్‌కు ఒక స్థిరమైన చిరునామా కేటాయించుకోవాలి. లేనిచో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ చిరునామా మారే అవకాశముంటుంది, ఇంట్లో అందరూ సర్వర్ పోయిందని కంగారుపడతారు.

తీగను చిన్నచూపు చూడరాదు. రూటర్‌లో గిగాబిట్ పోర్టుకు కలిపితే సెకనుకు సుమారు 110 మెగాబైట్లు ప్రవహిస్తాయి. పాత 100 మెగాబిట్ పోర్టులో 11 మాత్రమే. 500 గిగాబైట్ల పాత సరుకును ఎక్కించడానికి మొదటిదానిలో గంటంబావు, రెండవదానిలో పన్నెండు గంటలకు పైగా పడుతుంది. కొన్ని రూటర్లలో నాలుగు పోర్టులున్నా ఒకటే గిగాబిట్‌ది అయి ఉంటుంది. దానిని వెతికి పట్టుకోవాలి.

ఇక కరెంటు ఖర్చు. పాత డెస్క్‌టాప్ సగటున 40 వాట్లు తీసుకుంటుందనుకుంటే నెలకు సుమారు 29 యూనిట్లు కాలుతాయి. 12 వాట్లతో నడిచే మినీ పీసీ అయితే 9 యూనిట్ల లోపే. నాలుగైదేళ్లు నడిపే ఆలోచన ఉంటే ఈ తేడాను లెక్కవేసుకొని నిర్ణయించుకోండి. ఇస్రాఫ్ కరెంటు వాడకంలోనూ తగదు. సర్వర్‌ను ఇంటి ఇన్వర్టర్ లైనుకు కలిపేవారు దాని మీటను యూపీఎస్ వైపు తిప్పి ఉంచాలి. మామూలు వైపు ఉంటే కరెంటు మారే ఆ క్షణంలో యంత్రం ఆగిపోవచ్చును. రాయలసీమలో, తెలంగాణలో ఎండాకాలం సర్వర్‌ను బీరువా లోపల పెట్టకండి. డిస్క్ వేడి 45 డిగ్రీలు దాటకుండా గాలి తగిలే చోట, నేలకు రెండు మూడు అడుగుల ఎత్తున ఉంచండి. బల్లులు దూరకుండా వెనుక కంతలకు సన్నని జాలీ బిగించడం మరువకండి.

ఎవరి గది వారిది

ఇంతవరకు చెప్పినది కట్టడం. మన ఇంటికి తగినట్లు మలచుకోవడంలోనే ఈ యంత్రపు అసలు ప్రయోజనం ఉన్నది.

ఇంటిలో ప్రతి ఒక్కరికీ వేరు పేరు, వేరు పాస్‌వర్డ్, వేరు ఫోల్డరు ఉండాలి. అమ్మీజాన్ ఫోల్డరు అమ్మీజాన్‌కే తెరుచుకోవాలి. కోడలి ఫోటోలు మరిది కంటపడే ఏర్పాటు ఉండరాదు. ఉమ్మడి ఇళ్లలో ఇది చాలా అవసరం. ఇంటి పత్రాలకు ఒక ఫోల్డరు పెట్టి అందరికీ చూసే వీలు, ఇద్దరికి మాత్రమే మార్చే వీలు ఇవ్వాలి. పంచుకునే ఫోల్డర్లకు చెత్తబుట్ట సదుపాయాన్ని తెరిచి ఉంచితే కంప్యూటర్ నుండి పొరపాటున తుడిచినది కొంతకాలం అందులో నిలిచి ఉంటుంది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటున్నది. సర్వర్ పాలకునికి, అనగా అడ్మిన్‌కు, ఏ ఫోల్డరైనా తెరిచే అధికారం ఉంటుంది. పాస్‌వర్డ్‌లు అతనిని ఆపవు. కనుక ఆ బాధ్యత ఎవరికి అప్పగిస్తున్నామన్నది సాంకేతిక ప్రశ్న కాదు, అమానతుకు సంబంధించిన ప్రశ్న. కంప్యూటర్ తెలిసిన కుమార్తె ఇంట్లో ఉంటే ఆమెకే అప్పగించడం ఉత్తమమని మేము భావిస్తున్నాము. బజారు నుండి మెకానిక్‌ను పిలిపించవలసి వస్తే డిస్క్‌లు తీసి పక్కన పెట్టి, ఖాళీ పెట్టెనే చూపించండి. డిస్క్‌లను మొదటి రోజే ఎన్‌క్రిప్ట్ చేసుకుంటే, అనగా రహస్యపదం లేనిదే చదవడానికి వీలుకాని రూపంలో ఉంచుకుంటే, దొంగ ఎత్తుకుపోయినా అతని చేతికి ఇనుప ముక్కే దక్కుతుంది.

ఫోనులోని ఫోటోలు వాటంతటవే సర్వర్‌కు చేరడానికి ఇమిచ్ అనే ఉచిత ప్రోగ్రాం ఉన్నది. ముఖాలను గుర్తించి ఎవరి ఫోటోలను వారి పేరు కింద చేర్చే పని కూడా అది మన ఇంటి యంత్రంలోనే చేస్తుంది, బయటకు పంపదు. దాదాజాన్ కాలపు క్యాసెట్లలోని బయానులు, నాతులు, ఇంటి పెద్దల పారాయణాలు కంప్యూటర్‌లోకి ఎక్కించి ఆడియో ఫోల్డరులో పెట్టవచ్చును. క్యాసెట్ టేపు ఏటేటా క్షీణిస్తూనే ఉంటుంది గనుక ఫోటోల కంటే ముందు వాటినే పట్టించుకోవాలి.

పత్రాలను 300 డీపీఐతో స్కాను చేసి పీడీఎఫ్‌గా దాచండి. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తరువాత ఎవరిది, ఏమి పత్రం అన్నది తెలుగులోనే రాయవచ్చును. ఇన్‌పేజ్‌లో టైపు చేసిన ఉర్దూ దస్తావేజులు, అను ఫాంట్లలో చేసిన తెలుగు పత్రాలు ఉంటే ఇప్పుడే పీడీఎఫ్‌గా మార్చి ఉంచండి. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో రేపు మీ మనవడు తెరిస్తే పిచ్చిగీతలే కనిపిస్తాయి. స్కాను ఉన్నది గదా అని అసలు కాగితాన్ని మాత్రం నిర్లక్ష్యం చేయరాదు. రిజిస్ట్రార్ ముందైనా, కోర్టు ముందైనా అడిగేది అసలునే.

అద్దంలోని బొమ్మ రెండవ ప్రతి కాదు

రెండు డిస్క్‌లు పెట్టి, ఒకదానిలో రాసినది రెండవదానిలోనూ అదే క్షణంలో రాయబడేలా చేయవచ్చును. దీనిని రెయిడ్ 1 అంటారు. ఒక డిస్క్ చెడినా రెండవది పనిచేస్తూ ఉంటుంది. ఇది చూసి చాలామంది ఇక నిశ్చింత అనుకుంటారు. అక్కడే ప్రమాదం ఉన్నది. అద్దంలో రెండవ మనిషి కనిపించినంత మాత్రాన ఇంట్లో ఇద్దరు ఉన్నట్లు కాదు. ఒక ఫైలును తుడిస్తే రెండు డిస్క్‌లలోనూ తుడిచిపోతుంది. వైరస్ పట్టితే రెండింటికీ పడుతుంది. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే దోపిడీ ప్రోగ్రాం ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉంచిన నాస్ పెట్టెలలోకి దూరి, ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తాళంచెవికి 0.03 బిట్‌కాయిన్ అడిగింది. వేరే ప్రతి లేనివారికి రెండే దారులు మిగిలాయి: డబ్బు చెల్లించడం, లేదా పోయినదనుకోవడం.

ఈ కారణం చేతనే రూటర్‌లో పోర్టు తెరిచి సర్వర్‌ను బయటి ప్రపంచానికి చూపరాదు. జిద్దాలోనో, కువైట్‌లోనో ఉన్న కుమారుడు ఇంటి ఫోటోలు చూడదలిస్తే వైర్‌గార్డ్ వంటి రహస్య మార్గం, అనగా వీపీఎన్, ఏర్పాటు చేసుకోవాలి. అతడున్న దేశంలో వీపీఎన్ వాడకంపై చట్టం ఏమంటున్నదో ముందుగా తెలుసుకోవాలి. ఆ హంగు అక్కరలేదనుకుంటే సర్వర్‌ను ఇంటికే పరిమితం చేయండి. అదే అన్నింటికంటే సురక్షితం.

వరదకు వైరస్ అక్కరలేదు. 2020 అక్టోబరులో హైదరాబాదు పాతబస్తీలోని కాలనీలు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు బీరువాలోని కాగితాలు, బల్ల మీది కంప్యూటర్ ఒకే నీటిలో తడిశాయి. కనుక మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల సాధనాలపై ఉండాలి, అందులో ఒకటి మరొక ఇంటిలో ఉండాలి. ఫోటోగ్రాఫర్లు పాటించే ఈ నియమం మన చరిత్రకు కొత్తది కాదు. యమామా యుద్ధంలో ఎందరో హాఫిజులు షహీదులైన తరువాత హజ్రత్ ఉమర్ (రజి) సూచనపై హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆదేశించగా, జైద్ బిన్ సాబిత్ (రజి) దివ్య ఖుర్ఆన్‌ను ఒకచోట సమీకరించారు. ఆ ప్రతి చివరకు విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ హఫ్సా (రజి) గారి ఇంట భద్రంగా ఉన్నది. హజ్రత్ ఉస్మాన్ (రజి) దానిని తెప్పించి, ప్రతులు రాయించి వేర్వేరు ప్రాంతాలకు పంపి, అసలును తిరిగి ఆమెకే అప్పగించారు. దివ్య ఖుర్ఆన్ రక్షణ బాధ్యతను అల్లాహ్ స్వయంగా స్వీకరించాడు. అయినా సహాబాలు ప్రతులు రాయించారు. మన ఇంటి కాగితాలకైతే అటువంటి వాగ్దానమేదీ లేదు.

రెండవ ప్రతి కోసం యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌లు రెండు తీసుకోండి. ప్రతి వారం ఒకదానిని సర్వర్‌కు తగిలించి, కొత్తగా చేరిన వాటిని ఎక్కించి, వెంటనే తీసివేయండి. ఎల్లప్పుడూ తగిలించి ఉంచిన డిస్క్ వైరస్‌కూ, పిడుగుకూ అందుబాటులోనే ఉంటుంది. రెండవ డిస్క్ మరొక ఊరిలోని చెల్లెలి ఇంటిలోనో, ఖాలాజాన్ ఇంటిలోనో ఉండాలి. మూడు నెలలకు ఒకసారి వెళ్లినప్పుడు ఆ రెండింటినీ మార్చుకోవాలి. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది గనుక దానిని ఉంచుకున్నవారికి కూడా ఏ ఇబ్బందీ ఉండదు. బంధువు ఇంటికి రాకపోకలు పెరగడం అదనపు లాభం.

రహస్యపదాన్ని కాగితంపై స్పష్టంగా రాసి, కవరులో పెట్టి అంటించి, వసీయతు పత్రంతో పాటు ఉంచాలి. సర్వర్ చిరునామా, అడ్మిన్ పేరు, డిస్క్ ఎవరి ఇంట ఉన్నది, ఫోల్డర్ల వరుస కూడా అందులో రాయాలి. ఇంటి యజమాని హఠాత్తుగా మరణించిన మరుసటి వారమే బాకీల పద్దు, బీమా కాగితాలు, భార్య మహర్ వివరం కావలసి వస్తాయి. అవన్నీ ఎవరికీ తెలియని రహస్యపదం వెనుక చిక్కుకుంటే భద్రతే వారసుల హక్కుకు అడ్డుగోడ అవుతుంది. కవరు ఎక్కడ ఉన్నదో భార్యకు, పెద్ద బిడ్డకు తప్పక తెలియాలి.

ఏటా రమజానులో జకాతు లెక్క కట్టడానికి ఎలాగూ పద్దులన్నీ ముందు వేసుకుంటాము. ఆ రోజున గంటసేపు దీనికీ కేటాయించవచ్చును. సర్వర్‌ను ఆపివేసి, చెల్లెలి ఇంటి నుండి తెచ్చిన డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి, కవరు విప్పి, అందులో రాసిన మాటల ఆధారంతోనే ఇంటి దస్తావేజును, ఒక పారాయణం ఆడియోను తెరిచి చూడండి. ఈ పని సర్వర్ కట్టిన బిడ్డ చేయకూడదు. దాని గురించి ఏమీ తెలియని అమ్మీజాన్ చేతనో, చిన్నవాడి చేతనో చేయించండి. వారు ఎక్కడ ఆగిపోయారో ఆ మాటను కాగితం మీద మరింత విడమరచి రాసి, కొత్త కవరులో పెట్టి మళ్లీ అంటించండి.